అలిగి కాదు, నొప్పికి భయపడి

ప్రశ్న

ఈ ఉత్తరం ఎనిమిది పేజీలుంది. టంగుటూరుకీ కొండపికీ మధ్య ఒక ఊరి నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు, ఊరి పేరు అసలే వద్దన్నారు. రాసినావిడకు 54 ఏళ్లు, అంగన్‌వాడీ టీచర్. భర్త పొగాకు రైతు, పచ్చాకును వేడి మీద ఎండబెట్టే కొట్టం, అంటే బ్యారన్, సొంతానిదే ఉంది. కొడుకు, కోడలు చెన్నైలో ఉంటారు. కూతురి పెళ్లి వైశాఖంలో పెట్టుకున్నారు.

నాలుగేళ్ల కిందట ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే కుడి దవడలో కరెంటు షాకు కొట్టినట్టయిందట. బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. రెండు మూడు సెకన్లే, తర్వాత ఏమీ లేదు. వారం తిరక్కుండా అన్నం నములుతుంటే మళ్లీ కొట్టింది. పంటి నొప్పేమోనని దగ్గర్లోని టౌనుకు వెళ్తే ఒక దవడ పన్ను తీశారు. తగ్గలేదు. పక్క పన్నూ తీశారు. అయినా తగ్గలేదు. మూడో పంటికి రూట్ కెనాల్ అన్న రోజున ఆవిడే కుర్చీలోంచి లేచి వచ్చేశారు. చివరికి ఒంగోలులో ఒక ఫిజీషియన్ ఎమ్మారై తీయించి, మెదడు దగ్గర ఒక రక్తనాళం ముఖం నరానికి ఆనుకుని ఉందని, దీన్ని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారని చెప్పారు. కార్బమజిపైన్ 200 మిల్లీగ్రాముల మాత్ర మూడు పూటలా వేసుకోమన్నారు. రెండేళ్లు హాయిగా గడిచింది. తర్వాత నొప్పి తిరగబెట్టింది. ఆవిడ తనంతట తానే మాత్రలు పెంచుకుంటూ రోజుకు ఐదు దాకా వెళ్లారు.

ఇప్పుడు చలిగాలి తగిలితే షాకు, ముఖం కడిగితే షాకు, మాట్లాడితే షాకు. సెంటర్లో పాట ఆయా పాడుతుంటే ఈవిడ చప్పట్లు కొడుతున్నారు. ఇంటి సంగతి ఆవిడ మాటల్లోనే చదవండి: "మాట్లాడితే నొప్పొస్తదని నోరు మూసుకుంటే మా ఆయన, ఏంది ఆ మూతి ముడుపు, నిన్నెవరేమన్నారు అంటాడు. కోడలు పండక్కొచ్చి మూడు రోజులుండి, అత్తయ్యకి నేను రావడం ఇష్టం లేదని మా వాడితో అందంట. ముద్దు పెట్టబోయిన మనవణ్ణి ఈ పక్కకి రావొద్దని నెట్టేశాను సార్. వాడు ఏడ్చాడు. ఆ రాత్రి నేనూ ఏడ్చాను. కళ్లు తుడుచుకోవాలన్నా భయమే."

కొడుకు చెన్నైలో సర్జన్‌ను చూశాడు, వచ్చెయ్యమంటున్నాడు. భర్త, "పెళ్లి పెట్టుకుని తల కోయించుకుంటావా? ఆకు అమ్మినాక చూద్దాం" అంటున్నారు. ఆడబిడ్డ ఎవరి దగ్గరికో తీసుకెళ్లి చెవిలో పసరు పోయించింది. విచిత్రంగా దాంతో నెలన్నర నొప్పి రాలేదట, ఆ తర్వాత రెట్టింపై వచ్చింది. మాత్రల మత్తుకి సెంటర్ మెట్ల మీద తూలి పడ్డారు. గుడ్లు లెక్కపెడుతుంటే ఒకటి రెండుగా కనపడి రిజిస్టర్లో తప్పు రాశారు, సూపర్‌వైజర్ చేత మాటలు పడ్డారు. బీపీకి మాత్ర వాడుతున్నారు, ఉప్పు తగ్గించి చప్పిడి తింటున్నారు. "ఒక్కోసారి ఈ బతుకెందుకు అనిపిస్తోంది" అని ఏడో పేజీలో ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ పైన రాశారు.

ఆవిడ అడిగినవి నాలుగు. ఆపరేషన్ తప్పదా? పెళ్లి దాకా ఆగొచ్చా? చేయించుకుంటే పెళ్లి ఫొటోల్లో మూతి వంకరగా పడుతుందా? ఇదంతా ఏ జన్మ పాపం?

సమాధానం

అమ్మా,

ముందు ఆ కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం గురించి. ఇంత నొప్పిలో ఉన్న మనిషికి అట్లా అనిపించడం వింతేమీ కాదు. అయితే అనిపించిన రోజున ఒంటరిగా ఉండకండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. మాట్లాడితే నొప్పి అంటారా, ఆయాను పక్కన పెట్టుకుని ఆవిడ చేత మాట్లాడించండి. మీరు అన్నిటికంటే ఎక్కువ నమ్మేది ఆవిడనే అని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఈ జబ్బు ప్రాణం తీసేది కాదు, వైద్యానికి లొంగేది. మీకింకా వాడని మందులున్నాయి, చేయించుకోని వైద్యాలున్నాయి. ఆ చివరి మెట్టు మీద నిలబడ్డానని మీరనుకుంటున్నారు గానీ, నా లెక్కన మీరు రెండో మెట్టు మీదున్నారు.

ఇక ఆపరేషన్ సంగతికి ముందు ఇంకోటి ఉంది, అది ఈ వారంలోనే కావాలి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది తల ఆపరేషన్ కాదు, గుడ్లు. ఒక గుడ్డు రెండుగా కనపడటం, మెట్ల మీద తూలడం, పగలే నిద్ర ముంచుకు రావడం, ఇవి వయసు వల్ల వచ్చినవి కావు, కళ్లద్దాలు మార్చుకుంటే పోయేవీ కావు. ఒంట్లో కార్బమజిపైన్ ఎక్కువైతే అచ్చం ఇట్లాగే ఉంటుంది. దానికి తోడు ఈ మందు రక్తంలో సోడియం తగ్గిస్తుంది. మీరు రాసిన బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంది. అట్లాంటి మాత్రల్లో మామూలుగా నీటినీ ఉప్పునీ మూత్రంలో బయటికి పంపే మందు కలిసి ఉంటుంది, అదీ సోడియం తగ్గించేదే. పైగా మీరు తినేది చప్పిడి. అంటే ఒకే కుండకు మూడు చిల్లులు. ఒంగోలులో ఏ ల్యాబులోనైనా సోడియం పరీక్ష చేస్తారు, రిపోర్టు అదే రోజు వస్తుంది. 135 నుంచి 145 మధ్య ఉండాలి. దాంతోపాటు రక్త కణాల లెక్క, లివర్ పరీక్ష కూడా చేయించి, మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని ఆ ఫిజీషియన్ దగ్గరికే వెళ్లండి. రోజుకు ఐదు వేసుకుంటున్నానని దాచకుండా చెప్పండి. తిట్టినా పడండి.

రెండు పనులు మాత్రం చేయొద్దు. తక్కువుందని తెలిసి మీ అంతట మీరు ఉప్పు బుక్కొద్దు. ఈ మాత్రే కొంప ముంచిందని కోపంతో ఒక్కసారిగా మానేయొద్దు. ఉన్నట్టుండి ఆపితే నొప్పి విరుచుకుపడుతుంది, ఫిట్స్ వచ్చే ప్రమాదమూ ఉంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

సరే, అసలు మీకొచ్చింది ఏంటి?

మీ ఇంట్లో బోరు ఉండే ఉంటుంది. మోటారు దించేటప్పుడు కరెంటు కేబుల్‌ను పైపు పక్కనే దించుతారు కదా. పైపు అదిరినప్పుడల్లా కేబుల్ దానికి రుద్దుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒకచోట కేబుల్ మీది తొడుగు అరిగిపోయి తీగ బయటపడుతుంది. ఇక తడి తగిలినప్పుడల్లా షార్టే. మీ తలలో జరిగిందీ అదే. ముఖం మీది స్పర్శను మెదడుకు చేరవేసే నరం ఒకటుంది, తల నరాల్లో ఐదోది. అది మూడు కొమ్మలుగా చీలి ఒకటి నుదుటికీ, ఒకటి బుగ్గకూ పైదవడకూ, ఒకటి కింది దవడకూ వెళ్తుంది. నరం మెదడు కాండంలోకి, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే అడుగు భాగంలోకి, దిగే చోట దాని తొడుగు పల్చగా ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ రక్తనాళాలు సాగి మెలికలు తిరుగుతాయి. అట్లా మెలిక తిరిగిన ధమని ఒకటి, చాలామందిలో చిన్నమెదడుకు రక్తం తీసుకెళ్లే పై ధమని, ఆ పల్చటి చోట ఆనుకుని గుండె కొట్టుకున్నప్పుడల్లా తడుతూ ఉంటుంది. తొడుగు అరిగిపోతుంది. అప్పుడు చలిగాలి, బ్రష్షు, మనవడి ముద్దు, ఇట్లాంటి మెత్తటి స్పర్శలు కూడా పక్క తీగలోకి దూకి షాకులవుతాయి.

అందుకే మామూలు నొప్పి బిళ్లలు మీకు పని చేయలేదు. అందుకే పళ్లు తీసినా తగ్గలేదు. పోయిన రెండు పళ్లూ మంచి పళ్లే అయ్యుంటాయి, నాకూ బాధగానే ఉంది. కానీ దీంట్లో మోసం ఉందనుకోవద్దు. నొప్పి దవడలో పుడితే మనిషి ముందు పంటి డాక్టరు దగ్గరికే వెళ్తాడు. ఈ జబ్బుతో నా దగ్గరికి వచ్చిన వాళ్లలో నోట్లో ఒకటో రెండో పళ్లు లేనివాళ్లను చాలామందినే చూశాను. చదువుతున్న మిగతావాళ్లకూ ఈ మాట: ముట్టుకుంటే షాకులాగా వచ్చి సెకన్లలో పోయే నొప్పి అయితే, పన్ను పీకించుకునే ముందు ఒకసారి నరాల డాక్టరుకు చూపించుకోండి.

పసరు సంగతి. మీ ఆడబిడ్డ మీద నాకు కోపం లేదు, ఆవిడ మీ మంచికే తీసుకెళ్లింది. కానీ ఈ జబ్బుకొక గుణం ఉంది. ఏ మందూ వేయకపోయినా వారాలు, నెలలు నిద్రపోతుంది, మళ్లీ లేస్తుంది. రాను రాను ఆ నిద్ర తగ్గిపోతుంది. అది నిద్రపోయే ముందు వారంలో మీరు చెవిలో పసరు పోయించుకున్నారు, పేరు పసరుకు దక్కింది. ఆ వారం మీరు మాలకొండకు వెళ్లి ఉంటే ఆ పేరు నరసింహస్వామికి దక్కేది. చెవిలో మాత్రం ఇంకేమీ పోయించుకోకండి. రేపు ఆపరేషన్ అనుకున్నా ఆ చెవి శుభ్రంగా, వినికిడి సరిగ్గా ఉండాలి, ఎందుకో కింద చెప్తాను.

నాలుగో ప్రశ్నకు జవాబు ఇక్కడే అయిపోయింది. పాపమూ లేదు, జన్మా లేదు. రక్తనాళం ఒక వేలెడు పక్కగా పోలేదు, అంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏదీ తప్పు దారి కాదు, ఒక్కోదానికి ఒక్కో ఖర్చుంది.

మొదటిది మాత్రలనే సరిదిద్దుకోవడం. రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు అందరికీ ఎక్కువేం కాదు, పన్నెండు వందల దాకా తట్టుకునేవాళ్లూ ఉన్నారు. మీ ఒళ్లు తట్టుకోవడం లేదు, అంతే తేడా. మందు తగ్గించి పక్కన బాక్లోఫెన్ గానీ గాబాపెంటిన్ గానీ చేర్చవచ్చు. ఆక్స్‌కార్బజిపైన్‌కు మార్చవచ్చు, అది మత్తు కొంచెం తక్కువ తెస్తుంది గానీ సోడియాన్ని ఇంకా ఎక్కువ దించుతుంది, మీకు నేను జంకేది అందుకే. బీపీ మాత్ర కూడా మార్పిస్తారు. ఈ దారిలో కత్తి లేదు. కానీ మాత్ర కేబుల్‌కు తొడుగు వేయదు, కరెంటు తగ్గిస్తుందంతే. రుద్దుకోవడం లోపల జరుగుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు మళ్లీ మోతాదు చాలకపోవచ్చు. మీకు ఒకసారి జరిగింది కూడా అదే.

రెండోది మీ అబ్బాయి చెప్పే ఆపరేషన్. మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్ అంటారు, ఆసుపత్రుల్లో ఎంవీడీ అని పిలుస్తారు. "తల కోయడం" అన్న మాట మీ ఇంట్లో తిరుగుతోంది కాబట్టి, ఏం కోస్తారో చెప్తాను. పూర్తి మత్తు ఇచ్చి పక్కకు తిప్పి పడుకోబెడతారు. కుడి చెవి వెనకాల కొంచెం మేర జుట్టు తీసి, అక్కడ నిలువుగా చర్మం కోసి, ఎముకలో పాత రూపాయి బిళ్లంత కిటికీ చేస్తారు. లోపలి పొర తెరిచి చిన్నమెదడును మెల్లగా పక్కకు జరిపి, మైక్రోస్కోపులో చూస్తూ నరం దగ్గరికి వెళ్తారు. మెదడును కోయరు, నరాన్ని కోయరు. ఆనుకున్న రక్తనాళాన్ని లేపి, మధ్యలో దూదిలాంటి టెఫ్లాన్ ముక్క పెడతారు. మీ వంటింట్లో దోసె అంటుకోకుండా పెనానికి పూస్తారే, ఆ టెఫ్లానే, కాకపోతే ఇది మెత్తటి నూలులా ఉంటుంది. బోరు దగ్గర మీ ఆయన చేసే పనే ఇది. పైపుకీ కేబుల్‌కీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కడతారు చూడండి, అదన్నమాట. ఆయనకు ఈ ఆపరేషన్ అర్థం కావాలంటే డాక్టరు బొమ్మ వేయక్కర్లేదు, మీరు ట్యూబు ముక్క చూపిస్తే చాలు.

ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. రక్తనాళం నరాన్ని నొక్కుతోందని 1930ల్లోనే అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ గమనించారు. 1960ల్లో పీటర్ జానెట్టా అనే ఆయన మైక్రోస్కోపు కింద ఈ ఆపరేషన్‌ను ఇప్పటి పద్ధతికి తెచ్చారు. మొదట్లో తోటి డాక్టర్లే నమ్మలేదు. ఆయన బృందం 1972 నుంచి 1991 దాకా ఆపరేషన్ చేసిన 1185 మందిలో దాదాపు అందరూ ఏమయ్యారో ఓపిగ్గా వెంటపడి తెలుసుకుని 1996లో లెక్క బయటపెట్టింది. పదేళ్ల తర్వాత నూటికి 70 మంది నొప్పి లేకుండా, మాత్ర లేకుండా ఉన్నారు. వాళ్లలో కొందరికి రెండోసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇద్దరు చనిపోయారు. ఒకరికి మెదడు కాండంలో రక్తం ఆగిపోయింది. పదహారు మందికి ఆ వైపు చెవి వినపడకుండా పోయింది. చేతులు తిరిగిన చోట వచ్చిన అంకెలివి, ప్రతిచోటా ఇట్లాగే ఉంటాయనుకోకండి.

ఆ అంకెలు మీ అబ్బాయి ఒక రకంగా చదువుతాడు, మీ ఆయన ఇంకో రకంగా చదువుతాడు. ఒకరికి డెబ్బై కనపడుతుంది, ఒకరికి ఇద్దరు కనపడతారు. రెండూ నిజమే. మెదడు చుట్టూ ఉండే వెన్నునీరు గాటులోంచో ముక్కులోంచో కారడం, దానివల్ల ఇన్‌ఫెక్షన్, ముఖంలో కొంచెం తిమ్మిరి, కొన్నాళ్లు తల తిరగడం, ఇవి కూడా కొందరికి వస్తాయి. వినికిడి నరం ఆ పక్కనే ఉంటుంది, అందుకే ముందే చెవి పరీక్ష చేస్తారు, అందుకే పసరు వద్దన్నాను. మూతి వంకర అంటారా, ముఖం కదలికలు చూసేది ఏడో నరం. అదీ దగ్గర్లోనే ఉంది కాబట్టి ప్రమాదం సున్నా అని నేను రాయను, కానీ అది అరుదు. మీరు చూసిన మూతి వంకరలు పక్షవాతంవో, ఏడో నరం వాపువో అయ్యుంటాయి, ఈ ఆపరేషన్‌వి కావు.

నా అభిప్రాయం అడిగితే, మీ వయసుకి, గుండె, ఊపిరితిత్తులు బాగున్న మనిషికి, రక్తనాళం నొక్కుతున్నట్టు ఎమ్మారైలో తేటగా కనపడుతుంటే, ఎక్కువ కాలం నిలిచే వైద్యం ఇదే. ఆ "కనపడుతుంటే" అన్న మాట దగ్గర కొంచెం ఆగండి. ఏ నొప్పీ లేని మనుషుల్లో కూడా రక్తనాళం నరానికి ఆనుకుని కనపడుతుంది. కాబట్టి ఎమ్మారై ఒక్కటే చూసి ఆపరేషన్ ఒప్పుకోకూడదు. జబ్బేదో తేల్చేది మీ కథ. మీరు రాసిన మొదటి పేజీ, అదే, బ్రష్షు జారిపోయిన పేజీ, నా దృష్టిలో ఎమ్మారై కంటే గట్టి సాక్ష్యం. ఎమ్మారై పని రెండు: గడ్డ గానీ వేరే జబ్బు గానీ లేదని తేల్చడం, రక్తనాళం ఎక్కడ ఎట్లా నొక్కుతోందో సర్జన్‌కు చూపించడం. మీరు తీయించుకున్నది మామూలు ఎమ్మారై అయితే, నరాల కోసం సన్నటి పొరలుగా తీసే ప్రత్యేక పద్ధతిలో మళ్లీ తీయమంటారు. డబ్బు దండగ అనుకోకండి, అది అవసరం.

మూడోది సూదితో చేసేది. బుగ్గలోంచి పొడవాటి సూదిని పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోకి పంపి, నరం ముడిని వేడితో గానీ, చిన్న బెలూన్‌తో నొక్కి గానీ, గ్లిజరిన్‌తో గానీ కొంత దెబ్బతీస్తారు. పుర్రె తెరవరు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికొస్తారు, నొప్పి చాలావరకు వెంటనే పోతుంది. ఖర్చేంటంటే ముఖం ఆ వైపు మొద్దుబారుతుంది. పంటి డాక్టరు సూదేసిన తర్వాత ఉంటుందే, అట్లా. కొందరికది నొప్పి కంటే ఎంతో మేలు. కొందరికి చిరాకు. ఎక్కడో ఒకరికి మొద్దుబారిన చోటే మండే నొప్పి పట్టుకుంటుంది, దాన్ని తగ్గించడం కష్టం. కొన్నేళ్లకు అసలు నొప్పీ తిరిగి రావచ్చు, మళ్లీ చేయించుకోవచ్చు. పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని ముసలివాళ్లకు నేను చెప్పేది ఇదే. మీకు మొదటి మాటగా చెప్పను.

నాలుగోది గామా నైఫ్. పేరులో కత్తి ఉంది గానీ కత్తి లేదు, రేడియేషన్ కిరణాలను నరం మీద ఒకచోట కలుపుతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది. గాటు పడదు. కానీ గుణం కనపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, అందాకా మాత్రలు మింగాల్సిందే. తిమ్మిరి దీంట్లోనూ రావచ్చు.

ఇక పెళ్లి. ఇది అర్జెంటు ఆపరేషన్ కాదు, నాలుగు నెలలు ఆగితే నరానికి కొత్తగా మునిగిపోయేదేమీ లేదు. అట్లాగని "ఆకు అమ్మినాక, పెళ్లయినాక, కాన్పయినాక" అంటూ పోవడమూ మంచిది కాదు. నేను చెప్పిన ఆ లెక్కల్లోనే ఎనిమిదేళ్లకు పైగా నొప్పి పడ్డవాళ్లకు ఫలితం కొంచెం తక్కువగా ఉంది. మీది నాలుగో ఏడు. కంగారు పడాల్సిన పని లేదు, కాళ్లు చాపుకుని కూర్చునే తీరికా లేదు.

పెళ్లికి ముందు చేయించుకుంటే, సంక్రాంతి పోయిన ఈ రోజుల్లోనే తేల్చుకోవాలి. ఆసుపత్రిలో నాలుగైదు రోజులు, ఇంటికొచ్చాక నెల, నెలన్నర బరువులెత్తకూడదు, వంగి పనులు చేయకూడదు. మొదటి వారం తలనొప్పి, వికారం ఉంటాయి. సరిగ్గా మీ బ్యారన్ మండుతూ, ఆకు గ్రేడింగ్ నడుస్తున్న రోజులు. మీ ఆయన రాత్రంతా పొయ్యి దగ్గర కాపలా ఉండాలా, మీ దగ్గర ఉండాలా? ఏదైనా చిక్కు వస్తే పెళ్లి పనులన్నీ ఆగుతాయి. అంతా బాగుంటే మాత్రం కూతురి పెళ్లిలో నోరారా మాట్లాడతారు.

పెళ్లి తర్వాత అనుకుంటే, ఈ మూడు నాలుగు నెలలూ మాత్రలను సరిచేసుకుని నెట్టుకురావాలి. కుదరొచ్చు, కుదరకపోవచ్చు. తాళి కట్టే వేళ షాకు రావచ్చు, అది కూడా లెక్కలో వేసుకోండి. పొగాకు వేలం డబ్బు అప్పటికి చేతికొస్తుంది. కొడుకు సెలవు పెట్టుకోగలడు. ఈ రెండింట్లో ఏది మీదో నేను చెప్పను. ఒక్కటి మాత్రం చెప్తాను. సర్జన్‌ను చూడటానికీ, ఆపరేషన్ చేయించుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. చూడటం ఇప్పుడే చూడండి. చూసినంత మాత్రాన బల్ల మీద పడుకోబెట్టరు.

ఎక్కడికి అంటే, మనవాళ్లకు చెన్నై, వెల్లూరు కొత్తేం కాదు, తిరుపతి స్విమ్స్‌లో, గుంటూరు పెద్దాసుపత్రిలో కూడా న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. ఆసుపత్రి పేరు కంటే ఆ సర్జన్‌ను మూడు ప్రశ్నలు అడగడం ముఖ్యం. ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? తెరిచి చూశాక నొక్కుతున్న రక్తనాళం దొరక్కపోతే ఏం చేస్తారు? మీ చేతిలో ఎంతమందికి వినికిడి పోయింది? మూడో ప్రశ్నకు విసుక్కునే డాక్టరైతే ఇంకొకర్ని చూడండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, అక్కడ ఈ ఆపరేషన్ ఆ పథకం కింద చేస్తారా అని ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను చేరకముందే అడగండి, చేరాక కాదు.

ఇక మీ ఇల్లు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎనిమిది పేజీలవి తక్కువ. మీరు ఇంత ఎందుకు రాశారో చివర్లో అర్థమైంది. రాస్తే నొప్పి రాదు కదా. నాలుగేళ్లుగా మీరు ఇంట్లో మింగేసిన మాటలన్నీ నాకు పోస్టు చేశారు. కానీ నేను చదివి ఏం లాభమమ్మా, చదవాల్సింది మీ ఆయన. ఈ జబ్బు బయటికి కనపడదు. జ్వరముండదు, వాపుండదు, కట్టు ఉండదు. కనపడేది ఒక్కటే, మూసుకున్న నోరు. దాన్ని చూసినవాళ్లు అలక అనుకుంటారు. కోడలు అనుకున్నదీ అదే, పాపం ఆ పిల్ల తప్పేముంది? మీరు చెప్పలేదు, ఆమెకు తెలియలేదు.

ఉత్తరం నకలు మీ దగ్గర ఉందన్నారు. ఐదో పేజీ, మనవడి సంగతి రాసిన పేజీ, ఫొటో తీసి కోడలికి పంపండి. పక్కన ఏమీ రాయక్కర్లేదు. మీ ఆయనకు మాత్రం మొత్తం ఇవ్వండి. బ్యారన్ దగ్గర రాత్రి కాపలా ఉంటారు కదా, ఆయనకు అంతకంటే తీరిక ఎప్పుడు దొరుకుతుంది? "ఆకు అమ్మినాక" అన్న మనిషి కఠినుడని నాకనిపించలేదు. భార్య తల మీద కత్తి అంటే భయపడ్డాడు, ఆ భయానికి ఆకు మీద వంక పెట్టాడు. చదివాక కూడా అదే మాట అంటే అప్పుడు మళ్లీ రాయండి, ఆయనకు నేనే వేరే ఉత్తరం రాస్తాను.

అందాకా చిన్న చిన్న సదుపాయాలు. మాత్ర వేసుకున్న కాసేపటికి అన్నం తినేట్టు చూసుకోండి. ముఖం గోరువెచ్చని నీళ్లతోనే కడగండి. పొద్దున సెంటర్‌కు వెళ్లేటప్పుడు కుడి బుగ్గ మీదుగా చున్నీ కప్పుకోండి, ఎవరేమనుకున్నా సరే. పళ్లు తోమడం మానకండి, మిగిలిన పళ్లు నిజంగానే పుచ్చితే ఏ నొప్పి ఏదో తెలియక చస్తాం. తూలడం తగ్గేదాకా బండి వెనక కూర్చోవద్దు, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోండి. గుడ్ల లెక్క ఆయా చేత పెట్టించి, మీరు సంతకం చేయండి. ఒంటి మీద దద్దుర్లు గానీ, నోట్లో పుండ్లు గానీ, జ్వరం గానీ కనపడితే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గర ఉండాలి.

సోడియం రిపోర్టు వచ్చాక ఆ అంకె ఒక్కటి ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. 130 లోపు ఉంటే నా జవాబు కోసం చూడకుండా ఆ రోజే ఒంగోలు వెళ్లండి, మీ ఆయన్ని వెంటబెట్టుకుని.